బూడిద రంగుకు ఒక తేదీ

యుద్ధకాలపు జలాంతర్గామి నమూనాను చూసినవాళ్ళు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు: "ఆ కాలపు ఫొటోలన్నీ నలుపు తెలుపులోనే ఉన్నాయి కదా, మరి దీనికి ఈ రంగే వెయ్యాలని ఎలా తెలిసింది?"

అడగవలసిన ప్రశ్నే ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గామి దళానికి వెన్నెముకగా నిలిచిన టైప్ 7సి జలాంతర్గామి పొడవు సుమారు 67 మీటర్లు. అలాంటివి ఐదువందలకు పైగా తయారయ్యాయి. రెవెల్ సంస్థ 72వ వంతు కొలతలో తెచ్చిన ప్లాస్టిక్ కిట్టును అతికించి నిలబెడితే 93 సెంటీమీటర్ల నమూనా వస్తుంది. దాని పొడవు వెడల్పుల్లో తప్పుంటే పాత నక్షాలతో పోల్చి పట్టుకోవచ్చు. ఫిరంగి ఎక్కడ ఉందో, రెయిలింగు ఎన్ని ఊచలదో ఫొటోలో లెక్కపెట్టవచ్చు. రంగు మాత్రం అలా లెక్కకు చిక్కదు. పెట్టె మూత మీది బొమ్మ ఒక బూడిద రంగు చూపిస్తుంది, లోపలి సూచనల కాగితం ఇంకో బూడిద రంగు చెబుతుంది, మ్యూజియంలో ఉన్న అసలు పడవ మీద మూడోది కనిపిస్తుంది. మూడింటికీ ఏదో ఒక ఆధారం ఉండే ఉంటుంది. ఆ ఆధారాలను ఎలా తూచాలన్నదే ఈ అధ్యాయం.

ఎవరి కంట పడకూడదు?

ముందుగా ఆ రంగు ఎందుకు వేశారో తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జలాంతర్గామి ఎక్కువ కాలం నీటి పైనే తిరిగేది. నీటి కింద అది బ్యాటరీల మీద నడవాలి. బ్యాటరీలు అయిపోతే పైకి వచ్చి డీజిల్ ఇంజన్లతో నింపుకోవాలి. కాబట్టి దానికి రెండు రకాల కళ్ళ నుంచి ప్రమాదం ఉండేది: పక్క నుంచి చూసే ఓడలోని కావలివాడి కళ్ళు, పై నుంచి చూసే విమానంలోని సిబ్బంది కళ్ళు.

ఈ రెండు చూపులూ ఒకే రంగుకు లొంగవు. విమానం నుంచి చూసేవాడికి వెనకాల ఉండేది లోతైన నీరు. నీరు ఎర్రని వెలుగును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది, నీలాన్ని చాలా లోతు దాకా పోనిస్తుంది. అందుకే పై నుంచి సముద్రం ముదురు నీలంగా కనిపిస్తుంది. ఆ నేపథ్యంలో పడవ పైభాగం లేతగా ఉంటే మెరిసిపోతుంది. నీరు తేటగా ఉండే మధ్యధరా సముద్రంలో పనిచేసిన బ్రిటిష్ జలాంతర్గాములకు ముదురు నీలం పూయడానికి కారణం ఇదే.

పక్క నుంచి చూసేవాడి సంగతి వేరు. అతనికి పడవ వెనకాల ఉండేది దిగంతం మీది ఆకాశం. చంద్రుడు లేని రాత్రి కూడా ఆ ఆకాశం నల్లని ఇనుము కంటే కాస్త వెలుగుగానే ఉంటుంది. నల్లటి పడవ దాని మీద నీడలా తేలిపోతుంది. అమెరికా నౌకాదళం యుద్ధం మొదట్లో తన జలాంతర్గాములను నఖశిఖపర్యంతం నలుపు చేసింది. పగలు నీటిలో మునిగి ఉండే పడవకు అది సరిపోయింది. రాత్రి నీటి పైకి వచ్చి దాడి చేసే పద్ధతి పెరిగాక ఆ నలుపే అడ్డమైంది. 1944లో కొత్త పద్ధతులు వచ్చాయి: పై నుంచి కనిపించే డెక్కు నల్లగా, నిలువు పక్కలు బూడిద రంగుల్లో. ఎప్పుడూ నీడలో ఉండే చోట్ల తెలుపు కూడా పూశారు. అక్కడ నీడ వల్ల సహజంగా వచ్చే ముదురును తెలుపు తగ్గిస్తుంది, దాంతో ఆకారం చదునుగా అనిపించి కంటికి ఆనదు.

జర్మన్ పడవల మీద కూడా ఇదే తర్కం కనిపిస్తుంది. నిలువు పక్కలకు లేత బూడిద, చెక్క డెక్కుకు నలుపుకు దగ్గరైన ముదురు, నీటిగీత కింద ముదురు బూడిద. చాలామంది నమూనాకారులు అడుగుకు ఎరుపు వేస్తారు. మామూలు ఓడల అడుగు ఎర్రగా ఉండేది నిజమే. నాచు, నత్తగుల్లల వంటివి అంటుకోకుండా కలిపే రాగి ఆక్సైడు, తుప్పు ఆపడానికి కలిపే ఇనుప ఆక్సైడు రెండూ ఎరుపే. అయితే పై నుంచి విమానం చూసే అవకాశం ఉన్న జలాంతర్గామికి అడుగు ఎర్రగా ఉండటం ఇబ్బందే. అందుకే జర్మన్లు దానికి బూడిద రంగు అడుగు పెయింటు వాడారు. ఏ ప్రయోజనం కోసం రంగు వేశారో తెలిస్తే, దొరికిన సాక్ష్యంలో ఏది నమ్మదగినదో, ఏది పొసగనిదో ముందే కొంత అంచనా వస్తుంది.

నలుపు తెలుపు ఫొటో చెప్పేది, దాచేది

నలుపు తెలుపు ఫొటో రంగును చూపించదు. ఎంత వెలుగు ఫిల్మును తాకిందో చూపిస్తుంది. ఆ లెక్క కూడా అన్ని రంగులకూ ఒకలా ఉండదు.

ఆ రోజుల్లో రెండు రకాల ఫిల్ములు వాడుకలో ఉండేవి. ఆర్థోక్రొమాటిక్ అనే పాత రకానికి ఎరుపు కనపడదు, నీలం ఎక్కువగా కనపడుతుంది. దాని మీద ఎర్రని వస్తువు నల్లగా, నీలం వస్తువు తెల్లబారినట్టుగా పడుతుంది. 1906 నుంచి మార్కెట్లోకి వచ్చిన పాంక్రొమాటిక్ రకానికి అన్ని రంగులూ తెలుస్తాయి, మనిషి కంటికి దగ్గరగా పనిచేస్తుంది. మొదటి రకం ఫిల్ము మీద ఎర్రటి అడుగు, ముదురు బూడిద అడుగు ఒకే నలుపుగా కనిపిస్తాయి. నీలం కలిసిన బూడిద పక్కలు అసలు కంటే లేతగా వస్తాయి. కెమెరాకు పసుపు ఫిల్టరు తగిలిస్తే మళ్ళీ లెక్క మారిపోతుంది: ఆకాశం ముదురెక్కుతుంది, నీలం ఛాయలు కిందికి దిగుతాయి.

ఫిల్ము ఏ రకమో ఫొటోలోనే తెలుసుకునే మార్గం ఒకటుంది. పడవ మీద ఎగిరే జర్మన్ యుద్ధ పతాకంలో ఎర్రని నేల, తెల్లని వలయం, నల్లని గుర్తు ఉండేవి. ఎర్రని నేల, నల్లని గుర్తు దాదాపు ఒకే నలుపులో కలిసిపోయి ఉంటే ఎరుపు చూడలేని ఫిల్ము అయి ఉంటుంది. ఎరుపు మధ్యస్థమైన బూడిదగా, నలుపు విడిగా తెలుస్తుంటే పాంక్రొమాటిక్ అనుకోవచ్చు. అసలు రంగు తెలిసిన వస్తువు ఫొటోలో ఒక్కటున్నా అది కొలబద్దగా పనికొస్తుంది.

మరి రంగుల ఫొటోలో? కొడాక్రోమ్ 1935లో, జర్మనీలో అగ్ఫాకలర్ కొత్త ఫిల్ము 1936లో వచ్చాయి. యుద్ధంలో తీసిన రంగుల ఫొటోలు కొన్ని మిగిలాయి. వాటిని చూడగానే సమస్య తీరిపోయిందనిపిస్తుంది కానీ, ఆ ఫిల్ములోని మూడు రంగుద్రవ్యాలు ఒకే వేగంతో వెలిసిపోవు. ఒకటి ముందు తగ్గితే ఫొటో మొత్తం మిగిలిన రెండింటి వైపు ఒరుగుతుంది. అది చాలదన్నట్టు వెలుగు ప్రభావం. నీడలో ఉన్న బూడిద గోడ మీద పడేది నీలాకాశపు వెలుగు కాబట్టి అది నీలంగా కనిపిస్తుంది. సాయంకాలపు ఎండలో అదే గోడ పసుపుగా మారుతుంది. ఒకే పడవ రెండు రంగుల ఫొటోల్లో రెండు రంగుల్లో ఉందంటే మధ్యలో మళ్ళీ పెయింటు వేశారని వెంటనే అనుకోకూడదు.

ఫొటో నమ్మకంగా చెప్పేవి వేరు: ఎక్కడ ఒక రంగు ఆగి ఇంకొకటి మొదలైంది, ఏది దేనికంటే ముదురు, బురుజు మీద ఏ గుర్తు ఉంది, తుప్పు ఎక్కడి నుంచి కారింది. హద్దులకు, తేడాలకు ఫొటో గట్టి సాక్ష్యం. ఛాయకు మరో చోట వెతకాలి.

కాగితం మీది రంగు, రేవులోని రంగు

ఆ మరో చోటు దస్తావేజులు. పెయింటు కొనే ప్రభుత్వానికి, తయారుచేసే ఫ్యాక్టరీకి మధ్య రంగు పేరు విషయంలో గొడవ రాకుండా ఒక ఉమ్మడి కొలత కావాలి. జర్మనీలో 1925లో ఏర్పడిన రాల్ సంస్థ ఈ పని చేసింది. 1927లో 40 రంగులతో మొదటి పట్టిక తెచ్చి ఒక్కోదానికి ఒక సంఖ్య ఇచ్చింది. జర్మన్ నౌకాదళపు పెయింట్లలో హెల్‌గ్రావ్ 50 అంటే లేత బూడిద, డుంకెల్‌గ్రావ్ 51 అంటే ముదురు బూడిద. వీటిని పరిశోధకులు ఈనాటి రాల్ 7001, రాల్ 7000తో జతచేస్తారు. ఆ సంఖ్యలు నేటికీ పెయింటు దుకాణాల పట్టికల్లో ఉన్నాయి కాబట్టి పోల్చి చూడటం సులువు.

అమెరికా నౌకాదళం అల్బర్ట్ మన్సెల్ రూపొందించిన పద్ధతిని వాడింది. అందులో ప్రతి రంగుకూ మూడు కొలతలుంటాయి: అది ఏ ఛాయ, ఎంత వెలుగు, ఎంత గాఢం. యుద్ధం నడిమి కాలపు అమెరికన్ బూడిద రంగులన్నీ ఊదా కలిసిన నీలం ఛాయలోనే ఉండి, వెలుగులో మాత్రం ఒకదానికంటే ఒకటి ముదురుగా సాగేవి. వాటి తయారీ కూడా ఆసక్తికరమైనదే. 5-యు అనే తెల్లని మూల పెయింటు, 5-టీఎం అనే నీలిముద్ద నౌకాదళానికి అందేవి. రెండింటినీ చెప్పిన పాళ్ళలో కలిపితే లేత బూడిద నుంచి నేవీ బ్లూ దాకా అన్ని మెట్లూ వచ్చేవి.

చిక్కు ఇక్కడే ఉంది. పాళ్ళు కలిపేది మనిషి. ముద్ద కాస్త ఎక్కువైతే రంగు ముదురుతుంది, డబ్బా అడుగు వరకూ కలియబెట్టకపోతే లేతగా మిగులుతుంది. సరఫరా కూడా ఎప్పుడూ ఒకలా ఉండదు. 1945 నాటికి నీలం వర్ణకం కొరత రావడంతో అమెరికన్ నౌకాదళం నీలం లేని తటస్థ బూడిదల వైపు మళ్ళింది. కాబట్టి 1944 వేసవిలో రేవు వదిలిన జలాంతర్గామికి, 1945 వేసవిలో వదిలిన దానికి "బూడిద" అన్న మాట ఒకటే అయినా డబ్బాలోని సరుకు ఒకటి కాదు.

దస్తావేజులు చెప్పిన రంగును సముద్రం ఇంకా ఎక్కువ మార్చగలదు. 1941 డిసెంబరు 10న మనీలా దగ్గరి కవీటె రేవు మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు సీడ్రాగన్ అనే అమెరికన్ జలాంతర్గామి అక్కడ ఉంది. దాడిలో దెబ్బతిన్న నల్లని పెయింటు తర్వాత సముద్రంలో పెచ్చులుగా రాలిపోయి, కింద తుప్పు పట్టకుండా పూసిన రెడ్ లెడ్, అంటే సీససింధూరం, బయటపడింది. కొంతకాలం ఆ పడవ ఎర్రగా తిరిగింది. జపాన్ రేడియో ఎర్ర జలాంతర్గాముల గురించి ప్రచారం కూడా చేసిందని చెబుతారు. 1959లో వచ్చిన ఆపరేషన్ పెటికోట్ సినిమాలోని గులాబీ రంగు జలాంతర్గామికి ప్రేరణల్లో ఈ సంఘటన ఒకటి. అప్పటి నిబంధనల పుస్తకం తెరిస్తే సీడ్రాగన్ రంగు నలుపు అనే ఉంటుంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు, పడవ ఎలా ఉండాలో అది చెప్పింది. పడవ ఎలా ఉందో చెప్పే బాధ్యత దానిది కాదు.

పెచ్చు ఇచ్చే సాక్ష్యం

అసలు పడవే మిగిలి ఉంటే దాని మీద చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. మిగిలినవి చాలా కొద్ది. జర్మనీలోని లాబో తీరంలో ఉన్న యు-995 టైప్ 7లో మిగిలిన ఒకే ఒక పడవ. యుద్ధం తర్వాత అది నార్వే నౌకాదళంలో కౌరా పేరుతో 1962 వరకు పనిచేసి, 1970ల మొదట్లో ప్రదర్శనకు వచ్చింది. 1944 జూన్ 4న అమెరికన్లు పట్టుకున్న యు-505, 1954 నుంచి 2004 దాకా షికాగోలో ఆరుబయట ఎండకూ మంచుకూ నిలబడింది. ఈ పడవల మీద ఈరోజు కంటికి కనిపించే పెయింటు వాటిని కాపాడటానికి తర్వాతివాళ్ళు వేసినది. దాని ఫొటో తీసి రంగు కలుపుకుంటే యుద్ధకాలపు రంగు రాదు.

అయితే పై పొర కింద మరో పొర ఉండవచ్చు. పాత ఇంటి గోడను ఒక మూల గీకితే సంక్రాంతి సంక్రాంతికీ వేసిన సున్నాలు ఒకదాని కింద ఒకటి వరసగా బయటపడతాయి, అడుగున ఇల్లు కట్టిననాటి మొదటి పూత ఉంటుంది. ఇనుము మీద కూడా అంతే. పరిశోధకులు గోరంత పెచ్చును తీసి, పారదర్శకమైన రెసిన్‌లో పోత పోసి, అడ్డంగా కోసి నునుపు చేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ప్రైమరు, బూడిద, మళ్ళీ ప్రైమరు, ఇంకో బూడిద అని వరస తెలుస్తుంది. పొరల మధ్య మసి, ఉప్పు, తుప్పు గీత కనిపిస్తే ఆ పైన వేసింది కొంత కాలం గడిచాక వేసినదని అర్థం.

పెచ్చులో ఏ మూలకాలున్నాయో ఎక్స్ కిరణాలతో చెప్పవచ్చు. ఎక్స్ కిరణం తగిలిన ప్రతి మూలకమూ తనకు మాత్రమే చెందిన ఒక కిరణాన్ని తిరిగి వెదజల్లుతుంది. సీసం, జింకు, టైటానియం, రాగి వేరువేరుగా తెలిసిపోతాయి. దీనితో వయసును కూడా కొంత అంచనా కట్టవచ్చు. థాలోసయనిన్ అనే గాఢమైన నీలం వర్ణకం 1930ల నడిమి నుంచే మార్కెట్లో ఉంది, అంతకు ముందు పెయింటులో అది కనిపించే వీలు లేదు.

పెచ్చు దొరికినా దాని రంగును ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. పెయింటును పట్టి ఉంచే నూనె కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. నీలం కలిసిన బూడిద మీద పసుపు చేరితే ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. చీకట్లో భద్రంగా దాచిన పాత నమూనా చీటీలకు కూడా ఈ జబ్బు తప్పదు, నిజానికి చీకట్లో నూనె ఇంకా ఎక్కువ పసుపెక్కుతుంది. ఎండలో ఉన్న పెయింటుకు మరో గతి: పైనున్న నూనె పొర చెడిపోయి, వర్ణకం పొడిగా పైకి తేలి, సుద్ద పూసినట్టు తెల్లబారుతుంది. 1945 మే 5న డెన్మార్క్ జలాల్లో మునిగి 1993లో పైకి తీసిన యు-534 లాంటి పడవ మీద మూడో మార్పు: 48 ఏళ్ళు ఉప్పునీటిలో కరిగిన తుప్పు పెయింటులోకి ఇంకి గోధుమ రంగు పులిమేస్తుంది. అందుకే జాగ్రత్తపరులు పెచ్చు బయటి ముఖాన్ని వదిలి, వెలుగూ నీరూ తగలని లోపలి భాగాన్ని కొలుస్తారు, నూనె పసుపును లెక్కలో తీసేస్తారు.

ఏ పడవ? ఏ రోజు?

ఇన్ని సాక్ష్యాలు ఒకచోట చేర్చేసరికి అసలు ప్రశ్నే మారిపోతుంది. "యుద్ధకాలపు జలాంతర్గామి రంగు ఏది" అని అడిగితే జవాబు లేదు. "ఈ పడవ, ఈ నెలలో ఏ రంగులో ఉంది" అని అడిగితే జవాబుకు దారి దొరుకుతుంది.

దీనికి విశాఖపట్నం వాసులకు బాగా తెలిసిన పడవే మంచి ఉదాహరణ. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, పుట్టుకతో అమెరికన్ పడవ. దాని మొదటి పేరు డియాబ్లో. 1945 మార్చి 31న అమెరికా నౌకాదళంలో చేరింది. తొలి యుద్ధయాత్ర మొదలైన కొద్దిరోజులకే యుద్ధం ముగిసింది. 1964లో పాకిస్తాన్‌కు వెళ్ళింది. 1967 తర్వాత సూయెజ్ కాలువ మూసి ఉండటంతో ఆఫ్రికా ఖండాన్ని చుట్టి టర్కీ చేరి అక్కడ మరమ్మతులు చేయించుకుంది. డియాబ్లోగా నమూనా చెయ్యాలనుకునేవారికి 1945 నాటి అమెరికన్ నిబంధనలు, ఆ ఏటి నీలం కొరత ముఖ్యం. ఘాజీగా చెయ్యాలనుకుంటే ఆ పట్టిక ఎందుకూ కొరగాదు. పాతికేళ్ళలో ఎన్నోసార్లు గీకి, మళ్ళీ పూసి, రూపం కూడా మారిన పడవ అది. ఒకే పడవకు రెండు తేదీలంటే రెండు వేర్వేరు పరిశోధనలు.

అదే నగరంలో రామకృష్ణా బీచ్‌లో నిలిచిన ఐఎన్ఎస్ కుర్సురా విషయంలోనూ ఇంతే. 1969లో సేవలోకి వచ్చి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించిన ఈ సోవియట్ తయారీ పడవను 1971 నాటి రూపంలో చూపించాలనుకునేవారు బీచ్‌లో ఈరోజు తీసిన ఫొటోతో మొదలుపెట్టకూడదు. ఉప్పుగాలిని తట్టుకోవడానికి వేసే పూతకు, విమానం కంటికి దొరక్కుండా వేసే పూతకు ఉద్దేశాలే వేరు.

తేదీ తేలాక సాక్ష్యాలను వరసగా పేర్చవచ్చు. ఆ తేదీకి అమల్లో ఉన్న నిబంధన ఏ రంగులు చెబుతోంది, ఆ వారాల్లో ఆ పడవ ఫొటోలో హద్దులు వాటితో కలుస్తున్నాయా, అదే రేవులో ఉన్న తోటి పడవలు ఎలా ఉన్నాయి, పెచ్చు ఏదైనా ఉందా. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే మాట చెబితే ఆ మాటకు బలం వస్తుంది. పాత పుస్తకంలోని వాక్యాన్ని కొత్త పుస్తకం ఎత్తి రాస్తే మాత్రం ఆధారాలు రెండు కావు, ఒకటే.

చిన్న పడవకు పెద్ద పడవ రంగు

అసలు పెయింటు డబ్బానే దొరికిందనుకున్నా చివర ఒక చిక్కు మిగులుతుంది. నమూనాకారుల్లో చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది: 72వ వంతు నమూనాను మీటరు దూరం నుంచి చూస్తే అసలు పడవను 72 మీటర్ల నుంచి చూసినట్టు, మధ్యలోని గాలి పొర వల్ల రంగు లేతబడుతుంది, కాబట్టి పెయింటులో తెలుపు కలపాలి.

ఈ వాదనను అంకెలతో పరీక్షించవచ్చు. గాలిలోని కణాలు వెలుగును చెదరగొట్టి దూరపు కొండలను తెల్లబారేలా చేస్తాయన్నది నిజం. 20 కిలోమీటర్ల దాకా స్పష్టంగా కనిపించే రోజున 72 మీటర్ల గాలి వల్ల రంగుల మధ్య తేడా తగ్గేది నూటికి ఒకటిన్నర పాలు. 5 కిలోమీటర్ల దాకానే కనిపించే మసక రోజున కూడా ఐదారు పాళ్ళు. అంటే గాలి కోసమైతే కలపవలసిన తెలుపు చాలా తక్కువ. 350వ వంతు చిన్న నమూనాకు వస్తే మీటరు దూరం 350 మీటర్లకు సమానం, తేటగా ఉన్న రోజునే ఆరేడు పాళ్ళు తగ్గుతుంది.

అయినా అసలు రంగు పూసిన నమూనా గదిలో ఎందుకు మరీ ముదురుగా అనిపిస్తుంది? అసలు కారణం గాలి కాదు, వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు లక్ష లక్స్‌ల వెలుగు ఉంటుంది. దీపం వేసిన గదిలో ఐదువందలు ఉంటే ఎక్కువ. వెలుగు తగ్గినప్పుడు మనిషి కంటికి రంగుల గాఢత, వాటి మధ్య తేడా రెండూ తగ్గినట్టు తోస్తాయి. సముద్రపు ఎండలో చక్కగా విడిగా కనిపించే రెండు బూడిదలు షోకేసులో ఒకే ముద్దలా కలిసిపోతాయి. అందువల్ల కొందరు నేర్పరులు రంగు మొత్తాన్ని తెల్లబరచకుండా, పక్కల బూడిదను కొద్దిగా లేత చేసి, డెక్కు నలుపును ముదురు బూడిదకు దించి, రెండింటి మధ్య తేడా అలాగే నిలిచేలా చూస్తారు.

దీపం రకం కూడా ముఖ్యమే. తెలుపు, నలుపు కలిపి చేసిన బూడిదా, నీలం, గోధుమ కలిపి చేసిన మరో బూడిదా పగటి వెలుగులో అచ్చం ఒకేలా ఉండి, ఎల్‌ఈడీ దీపం కింద విడిపోవచ్చు. రెండు పెయింట్లూ వెలుగులోని వేర్వేరు భాగాలను మింగుతాయి, పగటి వెలుగులో ఆ తేడా సరితూగుతుంది, మరో దీపంలో తూగదు. శాస్త్రవేత్తలు దీన్ని మెటామెరిజం అంటారు. అందుకే రాల్ చీటీతో పోల్చేటప్పుడు కిటికీ దగ్గర ఒకసారి, నమూనాను శాశ్వతంగా ఉంచబోయే దీపం కింద మరోసారి చూడాలి.

ఆచరణలో ఇది పెద్ద కష్టమేమీ కాదు. అరచేతంత ప్లాస్టిక్ ముక్క మీద ఎంచుకున్న లేత బూడిద, ముదురు బూడిద, డెక్కు నలుపు పక్కపక్కన పూసి ఆరనివ్వాలి. తడి పెయింటు, ఆరిన పెయింటు ఒకే రంగులో ఉండవు కాబట్టి ఒక రాత్రి ఆగడం మంచిది. రెండు వెలుగుల్లోనూ చూసి, మూడూ దేనికది తెలుస్తుంటేనే పడవ మీద పెట్టాలి. ఆ ముక్క వెనక పడవ సంఖ్య, నెల, సంవత్సరం, ఏ ఫొటోను, ఏ నిబంధనను, ఏ పెచ్చును నమ్మారో, ఎక్కడ ఊహ వాడారో రాసి నమూనా పీఠం కింద అతికిస్తే, రేపు కొత్త ఆధారం దొరికినవారికి ఏ పూతను మార్చాలో, దేన్ని అలాగే ఉంచాలో తెలుస్తుంది.